కృష్ణబిలాల బరువు, ఎక్స్‌రేలు: విశాఖలో నేను తరచూ వినే అపోహలు

ఎక్స్‌రేలతో కృష్ణబిలాల ద్రవ్యరాశిని అంచనా వేయడం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. విశాఖపట్నంలో ఈ మాట చెప్పగానే చుట్టాలైనా, ఎమ్మెస్సీ జూనియర్లైనా దాదాపు ఒకే రకం మాటలంటారు. వాటికి తీరిగ్గా జవాబు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అపోహ: వెలుగే బయటికి రానప్పుడు కొలవడానికి ఏముంటుంది?

లోపలినుంచి ఏమీ రాదు, నిజమే. మనకు అందేది చుట్టూ ఉన్న వాయువు వెలుగు. కృష్ణబిలంతో కలిసి తిరిగే నక్షత్రం (జంట నక్షత్రం) నుంచి లాగిన వాయువు గుండ్రంగా తిరుగుతూ లోపలికి జారుతుంది. జారేకొద్దీ రాపిడికి కాగి, లోపలి అంచు దగ్గర కోటి డిగ్రీల స్థాయికి చేరుతుంది. అంత వేడి మీద వచ్చే వెలుగు ఎక్కువగా ఎక్స్‌రేలే. సూర్యుడికి 10 రెట్లు బరువున్న కృష్ణబిలం వ్యాసార్థం 30 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా. అంత చిన్న చోట వాయువు తిరుగుతోంది కాబట్టే దాని వెలుగు సెకనులో ఎన్నోసార్లు మినుకుతుంది.

ఈ మినుకులోనే బరువు ఆనవాలు ఉంటుంది. కృష్ణబిలం ఎంత పెద్దదైతే మినుకు అంత నెమ్మదిస్తుంది. 10 సూర్యుల బరువున్న చోట సెకనుకు 5 సార్లు కనిపించే లయ, అదే రకం లయ అయితే, దానికి పది లక్షల రెట్లు బరువైన చోట ఒక్కసారి పూర్తి కావడానికి రెండు రోజులు దాటుతుంది.

అపోహ: ఎక్స్‌రే అంటే ఆస్పత్రిలో తీసే ఫిల్మ్‌లాంటి ఫొటో.

నా స్క్రీన్ మీద ఫొటో ఉండదు, పట్టిక ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో ఫోటాన్, అంటే ఒక్కో వెలుగు కణం: ఏ క్షణంలో వచ్చింది, ఎంత శక్తితో వచ్చింది. భూమి వాతావరణం ఎక్స్‌రేలను ఆపేస్తుంది కాబట్టి డిటెక్టర్ అంతరిక్షంలోనే ఉండాలి. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులో ఎక్స్‌రేలను పట్టే ల్యాక్స్‌పీసీ అనే పరికరంలో జినాన్ వాయువు నింపిన మూడు డిటెక్టర్లున్నాయి. వాటిలో ఒకటి 2018లో ఆగిపోయింది, ఇంకొకటి నిలకడగా పనిచేయలేదు. అందుకే చాలా పరిశోధన పేపర్లలో మిగిలిన మూడోదాని (పేరు ల్యాక్స్‌పీసీ-20) డేటానే కనిపిస్తుంది.

ఆ డేటా కూడా ఏకధాటిగా రాదు. ఉపగ్రహం సుమారు 650 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకు పైగా తీసుకుని ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులో కొంతసేపు భూమి అడ్డొస్తుంది. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువగా ఉండే ప్రాంతం దాటేటప్పుడు కొలత ఆపాల్సి వస్తుంది. గ్రాఫ్‌లో ఆ ఖాళీలు పళ్లూడిన దువ్వెనలా ఉంటాయి. ఖాళీల వల్ల పుట్టే లయను కృష్ణబిలం లయ అనుకోకుండా వేరు చేయడం మా రోజువారీ పనిలో పెద్ద భాగం.

అపోహ: ఒకసారి కొలిస్తే అంకె ఖాయం.

నాకు బాగా పట్టింపు ఉన్నది ఇక్కడే. సిగ్నస్ ఎక్స్-1ని 1964లో రాకెట్ మీద పంపిన డిటెక్టర్లతో కనుక్కున్నారు. బాగా పరిశీలించిన కృష్ణబిలాల్లో అదొకటి. 2011లో దాని ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 15 రెట్లన్నారు. 2021లో 21 రెట్లన్నారు. కృష్ణబిలం మారలేదు, దూరం లెక్క మారింది. 6,100 కాంతి సంవత్సరాలనుకున్నది రేడియో టెలిస్కోపులతో మళ్లీ కొలిస్తే 7,200 అని తేలింది. దూరం పెరిగితే జంట నక్షత్రం అసలు వెలుగు పెరుగుతుంది, దాంతో దాని పరిమాణం, బరువు, చివరికి కృష్ణబిలం బరువు కూడా పెరుగుతాయి. కొత్త అంకెకు కూడా అటూఇటూ 2 సూర్యుల బరువంత తేడా ఉండవచ్చని రాశారు. ఆ తేడాను వదిలేసి వార్తల్లో ఒక్క అంకె వేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ బరువు వచ్చింది ఎక్స్‌రేలతో కాదు, 5.6 రోజులకో చుట్టు తిరిగే జంట నక్షత్రం వేగంతో. ఇప్పటికీ గట్టి పద్ధతి అదే. ధూళి మాటున జంట నక్షత్రం కనిపించనప్పుడు ఎక్స్‌రేలే దిక్కు. వాటి లయతో బరువు చెప్పాలన్నా, ముందే బరువు తెలిసిన మరో కృష్ణబిలంతో పోల్చాలి. ఆ మొదటి బరువులో ఉన్న తప్పు మన జవాబులోకీ వస్తుంది.

అపోహ: సిగ్నస్ ఎక్స్-1 ఏదో ఒకరోజు మనల్ని మింగేస్తుంది.

మింగదు. అది అంత దూరంలో ఉంది. దూరం సంగతి పక్కనపెట్టినా, సూర్యుడి స్థానంలో సూర్యుడంతే బరువున్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది.

అపోహ: ఈ పరిశోధనకు అమెరికా వెళ్లాలి, ఇంట్లోవాళ్లు డబ్బు పెట్టాలి.

"ఏమ్మా, ఇంకా ఎన్నేళ్లు చదువుతావు? నాన్న మీద ఎంత భారం!" అని మా పెద్దమ్మ అడుగుతూనే ఉంటుంది. భారం లేదు పెద్దమ్మా. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. డబ్బు కొన్నిసార్లు ఆలస్యంగా పడుతుంది కాబట్టి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి.

టెలిస్కోపు కొనక్కర్లేదు. ఇస్రో, నాసా ఆర్కైవుల్లో పాత డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఈ ఊళ్లో కూర్చునే చేయొచ్చు. ఎమ్మెస్సీలో ఉన్నవాళ్లు ఇప్పుడే లైనక్స్, పైథాన్ అలవాటు చేసుకోండి. స్టాటిస్టిక్స్‌ను పరీక్ష కోసం బట్టీ పట్టకుండా నేర్చుకోండి. గైడ్‌ను కలిసేముందు ఆర్కైవ్ నుంచి సిగ్నస్ ఎక్స్-1 డేటా ఒకటి దించుకుని, దాని లైట్ కర్వ్ (సమయంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్) గీసుకుని వెళ్లండి.