ఎర్ర పాండాల నడుమ సియాంగ్ నది

హిమాలయాల్లోని ఎర్ర పాండా, చైనాలోని ఎర్ర పాండా ఒకే జాతికి చెందినవా, వేర్వేరు జాతులా అన్న పాత ప్రశ్నను 2020లో చైనా శాస్త్రవేత్తల జన్యు అధ్యయనం మళ్లీ ముందుకు తెచ్చింది. అవి రెండు జాతులేనని, దాదాపు 2.2 లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని, వాటిని వేరు చేసిన హద్దు టిబెట్‌లోని యార్లుంగ్ త్సాంగ్పో నది కావచ్చని ఆ అధ్యయనం ప్రతిపాదించింది. ఆ నదే అరుణాచల్ ప్రదేశ్‌లోకి దిగాక సియాంగ్ అవుతుంది. మరుసటి ఏడాది జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పరిశోధకులు కూడా దాన్నే సరిహద్దుగా గుర్తించడంతో, ఆ రెండు జాతులూ మన దేశంలో కూడా ఉన్నాయన్న మాట వినవచ్చింది.

ఈ జంతువు ఎవరి చుట్టమన్న తగవు ఇప్పటిది కాదు. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి థామస్ హార్డ్‌విక్ దీని గురించి 1821లోనే లండన్‌లోని లినియన్ సొసైటీకి నివేదించాడు. దాని అరుపును బట్టి కొండ జనం దాన్ని ‘వ్హా’ అంటారని కూడా రాశాడు. కానీ ఆ వ్యాసం అచ్చయ్యేసరికి 1827 వచ్చింది. ఈలోగా 1825లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్యువియే ‘ఐల్యురస్ ఫుల్జెన్స్’, అంటే మెరిసే పిల్లి, అని నామకరణం చేసేశాడు. పాండా అన్న పేరూ మొదట దీనిదే. నలుపు తెలుపుల పెద్ద జంతువు పాశ్చాత్య శాస్త్రానికి 1869లో గానీ తెలియలేదు. ఈ రెండింటికీ పోలికలున్నాయని తోచాకే దానికి ‘పెద్ద పాండా’ అన్న పేరు దక్కింది. నేడు ఒట్టి ‘పాండా’ అంటే అందరికీ ఆ అరువు పేరుదారే గుర్తుకు రావడం విచిత్రం.

ఎర్ర పాండాను ఒకరు రకూన్ల (అమెరికాలో కనిపించే, చారల తోక గల చిన్న జంతువుల) కుటుంబంలో, మరొకరు ఎలుగుబంట్ల సరసన చేర్చారు. జన్యు ఆధారాలు వచ్చాక అది తన కుటుంబంలో మిగిలిన ఏకైక శాఖ అనీ, ఎలుగుబంట్ల కన్నా రకూన్లకు, నీటికుక్కలకు దగ్గరనీ తేలింది. పెద్ద పాండాతో పోలికలు వెదురు తిండి తెచ్చిపెట్టినవి. మణికట్టు ఎముక పెరిగి ఏర్పడిన నకిలీ బొటనవేలు రెండింటికీ ఉన్నా, అది వేర్వేరు దారుల్లో వచ్చింది. స్పెయిన్‌లో దొరికిన సిమోసియాన్ అనే ప్రాచీన బంధువు శిలాజంలోనూ ఆ వేలుంది. అది వెదురు తినే జంతువు కాదు కనుక, ఎర్ర పాండా వంశంలో ఆ వేలు ముందు చెట్లెక్కడానికే పుట్టి, తర్వాత వెదురు పట్టుకోవడానికి అక్కరకొచ్చిందని పరిశోధకులు భావిస్తున్నారు.

కడుపు మాత్రం మాంసాహారిదే. వెదురులోని పీచును అరిగించుకోలేదు కాబట్టి, లేత ఆకులనూ మొలకలనూ ఏరుకుని, మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం తింటూనే గడుపుతుంది. ఒంటరిగా తిరుగుతుంది, చలికి తోకను ఒంటికి చుట్టుకుని చెట్టు మీద పడుకుంటుంది, చీలమండలను తిప్పి తలకిందులుగా మానులు దిగుతుంది. ఏడాదికి ఒక్క ఈతే. సాధారణంగా జూన్, జూలైలలో ఒకటి రెండు పిల్లలు పుడతాయి. ఇంత నెమ్మదిగా పెరిగే సంతతి, అడవి ముక్కలైనా, వెదురు ఒక్కసారిగా పూసి ఎండిపోయినా త్వరగా కోలుకోలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2015లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

జాతుల లెక్క ఇక్కడే బరువెక్కుతుంది. హిమాలయ జాతిలో జన్యు వైవిధ్యం మరీ తక్కువని 2020 అధ్యయనం చూపింది కాబట్టి, రెంటినీ ఒకటిగా లెక్కిస్తే దాని దుస్థితి మొత్తం అంకెల్లో కనబడకుండా పోతుంది. ఇక జంతుప్రదర్శనశాలల్లో జంటలు కట్టేటప్పుడు రెండు జాతులూ కలిసిపోకుండా చూడాలి. డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జూ (మన హైదరాబాద్‌లో పుట్టి బెంగాల్ గవర్నరైన పద్మజ పేరే దానికి పెట్టారు) తాను పెంచిన రెండు ఆడ పాండాలను 2003లో సింగలీలా అడవిలోకి వదిలింది. సింగలీలా సియాంగ్‌కు చాలా పడమరన ఉంది కనుక అక్కడివి హిమాలయ జాతివే. సియాంగ్‌కు తూర్పున దొరికిన చైనా జాతి పాండానూ తెచ్చి అదే పెంపక కార్యక్రమంలో కలపవచ్చా అన్నది, రెండు జాతులన్న వాదనను ఒప్పుకున్నాక, ఇక పరిపాలనాపరమైన ప్రశ్న మాత్రమే కాదు.