బురద బుడగను చూసే వెలుగు

ఊడ్పులయ్యాక కలుపు తీయడానికి ఆమదాలవలస దగ్గర మా పొలంలో దిగితే, కాలు వేసిన చోటల్లా బురదలోంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. "ఏటి చిన్నాన్నా ఇవి?" అనడిగితే "మురుగ్గాలిరా" అనేవాడు. నిజమే. నీళ్ళు నిలిచిన మట్టికి ఆక్సిజన్ అందదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు కుళ్ళిన దుబ్బుల నుంచి మీథేన్ తయారుచేస్తాయి. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మామూలు వెలుగు దానిలోంచి అలాగే దాటిపోతుంది.

కానీ తరంగదైర్ఘ్యం 3.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉండే, కంటికి కనబడని పరారుణ కాంతిని మీథేన్ వదలదు, గట్టిగా మింగేస్తుంది. దానిలోని కార్బన్, హైడ్రోజన్ల బంధం ఊగేది ఆ కాంతి లయలోనే. ఈ గట్టు మీంచి ఆ గట్టుకు అలాంటి కాంతిని పంపి, ఎంత తగ్గిందో కొలిస్తే మధ్యనున్న మీథేన్ లెక్క తేలుతుంది.

ఆ కాంతి తేవడమే కష్టం. బాగా చేయి తిరిగిన లేజర్లలో ఒకటైన నియోడిమియం యాగ్ ఇచ్చేది 1.064 మైక్రాన్లు. దాన్ని మార్చే పని స్ఫటికానిది.

1961లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్ బృందం క్వార్ట్జ్ స్ఫటికంలోకి 694 నానోమీటర్ల (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రాన్) ఎర్ర లేజర్ కాంతిని పంపింది. సరిగ్గా సగం తరంగదైర్ఘ్యంతో, 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి బయటికొచ్చింది. రెండు ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, కలిసి ఒకటయ్యాయన్నమాట. మనకు కావలసింది దీనికి తిరగేసిన పని, పెద్ద నోటును చిల్లర చేయడం లాంటిది. 1965లో బెల్ ల్యాబ్స్‌లో జోర్డ్‌మెయిన్, మిల్లర్ లిథియం నియోబేట్ అనే స్ఫటికంతో ఒక కాంతిని రెండుగా విడగొట్టే డోలకాన్ని పనిచేయించారు. 1.064 మైక్రాన్ల ఫోటాన్ చీలి, ఒక ముక్క 3.3 అయితే రెండోది 1.57 అవుతుంది. శక్తిలో మూడో వంతుకు కాస్త తక్కువే మన వాటాకొస్తుంది, మిగతాది రెండో ముక్కది.

అసలు చిక్కు అడుగులు కలవడంలో ఉంది. స్ఫటికంలో ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడుస్తుంది. తప్పెటగుళ్ళ జట్టులో రెండు వరసలు ఆడుతుంటే, ఒక వరస రవ్వంత ముందుకు జరుగుతోందనుకోండి. కాసేపటికి వీళ్ళ కుడికాలు పడే వేళకి వాళ్ళ ఎడమకాలు పడుతుంది. కాంతిలో అలా జరిగితే పుట్టిన వెలుగును కొత్తగా పుట్టేది చెరిపేస్తుంది. సరిగ్గా ఆ క్షణాన ఒక వరస "కాలు మార్చు" అంటే మళ్ళీ కలుస్తారు కదా! లిథియం నియోబేట్‌లో ఆ పనే చేస్తారు. మిల్లీమీటరు మందానికి 20 వేల వోల్టుల పైచిలుకు విద్యుత్ క్షేత్రం పెట్టి, స్ఫటికం లోపలి దిశను సుమారు 15 మైక్రాన్లకొకసారి తిప్పేస్తారు. తల వెంట్రుక కన్నా సన్నని చారలవి. 1962లోనే బ్లూంబర్గెన్ బృందం ఈ ఊహ చెప్పింది. నాకు ఈ శాస్త్రం మొత్తంలో అన్నిటికన్నా ముచ్చటైనది ఇదే.

5 మైక్రాన్లు దాటితే లిథియం నియోబేట్ తానే కాంతిని మింగేస్తుంది. అక్కడి నుంచి జింక్ జర్మేనియం ఫాస్ఫైడ్ అనే ఇంకో స్ఫటికం అందుకుంటుంది. కాకపోతే దానికి 1 మైక్రాన్ కాంతి గిట్టదు, 2 మైక్రాన్లది పెట్టాలి.

ఇక, పొద్దున్నే మంచు పట్టిన మడి మీద ఏ వెలుగైనా తగ్గుతుంది. తగ్గించింది మంచా, మీథేనా? స్ఫటికం వేడిని కాస్త మార్చితే కాంతి రంగు పక్కకు జరుగుతుంది. అలా మీథేన్ మింగే రంగునూ, దాని పక్కనే మీథేన్ ముట్టని రంగునూ వెంటవెంటనే పంపుతారు. మంచు రెండింటినీ ఒకేలా తగ్గిస్తుంది. మీథేన్ ఒక్కదాన్నే తగ్గిస్తుంది.