రిచీ స్ట్రీట్‌కి వెళ్లే ముందు

చెన్నైలో అన్నా సాలై పక్కన కంప్యూటర్ భాగాలమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏ కౌంటర్ ముందైనా నిలబడి "పాత సిస్టమ్‌కి ర్యామ్ కావాలి" అంటే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని జీబీ?" కాదు, "ఏ బోర్డు?" అని. బోర్డంటే ర్యామ్ బిగించే మదర్‌బోర్డు. ఆ జవాబు దగ్గర లేకపోతే కొట్టువాడు తన దగ్గరున్నదేదో చేతిలో పెడతాడు. పెరంబూర్‌లో ఇంటికి చేరి బిగించాక గానీ అది మన బోర్డుకు పనికొస్తుందో లేదో తెలియదు.

అసలు కొరత ర్యామ్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రోజూ చేసే పనులన్నీ తెరిచి, బ్రౌజర్‌లో మామూలుగా ఉండే ట్యాబులన్నీ ఉంచి, అరగంట వాడాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. అక్కడ అందరూ చూసేది శాతం. చూడాల్సింది "కమిటెడ్" అన్న చోట ఉన్న మొదటి అంకె. ప్రోగ్రాములన్నిటికీ కలిపి విండోస్ ఇస్తానని మాటిచ్చిన మెమరీ అది. ఇంట్లో ఉన్నది 4 జీబీ, అక్కడ 6.3 కనిపిస్తోందంటే మిగతా భారంలో చాలావరకు హార్డ్ డిస్కు మీది పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటు) మోయాల్సి రావచ్చన్నమాట. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే డిస్కు నుంచి తేవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే లక్ష రెట్లు. మొదటిదాన్ని ఒక సెకను అనుకుంటే, పొద్దున తొమ్మిదికి అడిగినది రెండో చోటు నుంచి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు చేతికొస్తుంది. మౌస్ బాణం బిగుసుకుపోయి డిస్కు లైటు ఆగకుండా వెలగడం వెనుక కథ ఇదే.

కమిటెడ్ అంకె ఉన్న ర్యామ్‌కి లోపలే ఉండి, డిస్కు మాత్రం వంద శాతం చూపిస్తుంటే ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కుకి పెట్టండి. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డుల్లో సాటా (డిస్కును కలిపే దారి) వేగం సెకనుకు 3 గిగాబిట్లే అయినా తేడా కళ్లకు కనబడుతుంది.

ఇంకో సంగతి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి 32 బిట్ అని ఉందేమో చూడండి. 32 బిట్లతో రాయగల చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, ఒక్కోటీ ఒక బైటుకు. అది సరిగ్గా 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్, ఇతర భాగాల వాటా పోగా మామూలుగా మూడు, మూడున్నర జీబీయే మిగులుతుంది. 8 జీబీ బిగించినా ఇంటి విండోస్‌కి ఆ పైది లేనట్టే. 64 బిట్ విండోస్ కొత్తగా వేసుకోవాల్సిందే, పాతదాని మీద అప్‌గ్రేడ్‌గా ఎక్కదు.

ఇక స్టిక్కర్. ఇప్పుడున్న ర్యామ్ మీద "4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800యూ" లాంటి వరస ఉంటుంది. పీసీ3 అంటే డీడీఆర్3 అనే తరం ర్యామ్. 'ఎల్' ఉంటే 1.35 వోల్టులతో నడవగలది, లేకపోతే 1.5. 12800 అంటే సెకనుకు ఇన్ని మెగాబైట్లు. ఎనిమిదితో భాగిస్తే 1600, కొట్టులో చెప్పే స్పీడు అదే. 10600 అని ఉంటే 1333. వరసలో చివరి అక్షరం ప్రాణం లాంటిది. 'యూ' మామూలు డెస్క్‌టాప్‌ది, 'ఎస్' ల్యాప్‌టాప్‌ది, 'ఆర్' సర్వర్‌ది. సర్వర్ల నుంచి ఊడదీసిన 'ఆర్' ముక్కలు చౌకగా దొరుకుతాయి, స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి కూడా. మామూలు ఇంటి బోర్డు మాత్రం వాటితో బూట్ కాదు. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే చిప్పులు లెక్కపెట్టండి: ఒక వైపు ఎనిమిదికి బదులు తొమ్మిది ఉంటే అది చాలామటుకు సర్వర్ సరుకే.

డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ 240 పిన్నులే, కానీ అంచులోని గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. డీడీఆర్4కి 288. గాటు కుదరడం లేదంటే బలం చాలక కాదు, జాతి వేరు.

చిప్పుల లెక్క ఇంకో చోట కూడా కావాలి. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో డీడీఆర్3 రకానికి 4 జీబీ స్టిక్ కొనేటప్పుడు రెండు వైపులా కలిపి 16 చిప్పులుండాలి. 16 ఉంటే ఒక్కోటి 256 ఎంబీ, ఎనిమిదే ఉంటే 512. ఆ 512 చిప్పులోని గదులన్నిటికీ చిరునామాలు పలికే శక్తి జీ41కి లేదు. అందుకే సగమే కనిపిస్తుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. "కొత్త ర్యామ్ పాడైంది" అని తిరిగొచ్చే వాటిలో ఇలాంటివీ ఉంటాయి, పాపం ముక్క తప్పేమీ ఉండదు. ఆన్‌లైన్‌లో "ఏఎండీ ఓన్లీ" అని చిన్న అక్షరాలతో వచ్చేవీ ఇలాంటి పేచీయే, ఇంటెల్ బోర్డున్నవాళ్లు ఎంత చౌకైనా వాటి జోలికి పోకూడదు.

హెచ్61కి ఈ బెడద తక్కువ. రెండు స్లాట్లు, 8 చొప్పున 16 జీబీ దాకా. ఇంటి పనికి 4 రెండు చాలు, ఒకే 8 కన్నా అదే మేలు. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉన్న రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటాయి, వేరే గ్రాఫిక్స్ కార్డు లేనిచోట ఆ తేడా వీడియోలో తెలుస్తుంది. పాత 4కి కొత్త 8 జతచేసినా నడుస్తుంది, కాకపోతే రెండూ నెమ్మదిగా ఉన్నదాని వేగానికి దిగుతాయి. ప్రాసెసర్ రెండో తరం ఐ3, ఐ5 అయితే 1600 స్టిక్ కూడా 1333కే నడుస్తుంది, దానికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని, అప్పుడు స్టిక్ అంచులు పట్టుకోండి. రెండు కొసలా సమంగా నొక్కితే క్లిప్పులు టక్కున వాటంతటవే లేవాలి. లేవకపోతే పూర్తిగా దిగనట్టే. చెన్నై ఉక్కపోతకి పాత స్టిక్ పిన్నుల మీద మురికి పొర పడుతుంది, కొట్టుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దేస్తారు. పనిచేస్తుంది గానీ గట్టిగా రుద్దితే పల్చటి బంగారు పూత కూడా లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ మంచిది.

ఆన్ చేశాక తెర రాకపోతే ఒక్క స్టిక్‌తో, ఒక్కో స్లాట్‌లో ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్లను ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్లీ బిగించండి.

విండోస్ తెరుచుకోగానే పని అయిపోయిందనుకోవద్దు. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ జంట. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కి 1968లో పేటెంట్ తెచ్చిన ఆలోచన ఇది. ఆ కెపాసిటర్ చిల్లుకుండ. ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి చదివి మళ్లీ నింపకపోతే అందులోది కారిపోతుంది. వేడెక్కితే ఇంకా త్వరగా కారుతుంది, చిప్పు 85 డిగ్రీలు దాటితే 32కే నింపాలని నియమం. అరిగిన చిప్పులో ఒకటి రెండు కుండలు గడువు దాకా ఆగవు. రోజూ వాడకంలో అది బయటపడదు, ఎప్పుడో ఫొటోల ఫోల్డరు కాపీ చేసేటప్పుడు ఒక ఫైలు చడీచప్పుడు లేకుండా చెడుతుంది.

అందుకే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాముని పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, దాన్నుంచే బూట్ చేసి, ఒక రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా తప్పే. అప్పుడు ఒక్కో స్టిక్‌నీ విడిగా పరీక్షించండి. విడివిడిగా బాగుండి కలిపితేనే తప్పులొస్తుంటే బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) వేగాన్ని 1333కి దించి మళ్లీ నడపండి. విడిగా ఉన్నప్పుడూ తప్పొస్తే ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసి, బిల్లుతో సహా కొట్టుకి పట్టుకెళ్లాలి. సెకండ్ హ్యాండ్ సరుకుకి ఇచ్చేది "టెస్టింగ్ వారంటీ" మాత్రమే, అదెన్ని రోజులో కొన్న రోజే బిల్లు మీద రాయించుకోండి.