కోత ఒకటే, దొంగతనాలే వేరు

జీతం పెంచితే ఉద్యోగి నిలుస్తాడు, తగ్గిస్తే పోతాడన్న లెక్కకు గట్టి దెబ్బ సైన్యం నుంచి తగిలింది. ఉద్యోగి జీతాన్నే కాదు, తనకు న్యాయం జరిగిందా అన్నదీ చూస్తాడు. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైనికుల సర్వేలు 1949లో అచ్చయ్యాయి. ప్రమోషన్లు జోరుగా దొరికే వైమానిక దళంలో వాటి మీద సణుగుడు ఎక్కువ, అరుదుగా దొరికే మిలిటరీ పోలీసుల్లో తక్కువ. పక్కవాడికి వచ్చి తనకు రాకపోవడమే అసలు బాధ.

1963లో మనస్తత్వవేత్త స్టేసీ ఆడమ్స్ దీన్ని సూత్రం చేశాడు. తన శ్రమకు దక్కినదాన్ని మనిషి పక్కవాడి శ్రమకు దక్కినదానితో తూకం వేస్తాడు. తేడా కనిపిస్తే జీతం పెంచమని అడగొచ్చు, లేదా చడీచప్పుడూ లేకుండా పని తగ్గించొచ్చు. ఈ రెండోది మేనేజరు కంట పడదు.

అయితే ఈ తూకం 'ఎంత' దగ్గరే ఆగిపోయింది. 'ఎలా తేల్చారు' అన్న ప్రశ్న 1975లో థిబో, వాకర్‌ల కోర్టు వివాదాల పరిశోధనతో ముందుకొచ్చింది: తన వాదన వినిపించుకునే వీలుంటే, ఓడినవాడికీ తీర్పు అంత చేదుగా ఉండదు. నిర్ణయం న్యాయంగా అనిపించాలంటే కావలసిన ఆరు షరతులను 1980లో లెవెంథాల్ రాశాడు: అందరికీ ఒకే కొలత, పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం, తప్పు దిద్దే దారి, సంబంధితుల మాట వినడం, నైతికత. వార్షిక రేటింగుల్లో తేలిగ్గా చెడేది నాలుగోది, అంటే తప్పు దిద్దే దారి. రేటింగ్ ఇచ్చినాయనే అప్పీలూ చూస్తే అది ఉన్నా లేనట్టే.

'ఎలా తేల్చారు' నుంచి 'ఎలా చెప్పారు' అన్నదాన్ని 1986లో బీస్, మోగ్ విడదీశారు. దానికి గట్టి రుజువు 1990లో గ్రీన్‌బర్గ్ అధ్యయనం. ఒకే కంపెనీ రెండు ఫ్యాక్టరీల్లో 10 వారాలపాటు 15 శాతం జీతం కోసింది. ఒకచోట దాదాపు గంటన్నర సమావేశం: కారణాలు అంకెలతో చూపించారు, విచారం తెలిపారు, ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చారు. రెండోచోట పావుగంటలో పొడిపొడిగా ముగించారు. ఉద్యోగుల దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి గానీ రెండోచోట బాగా ఎక్కువ, రాజీనామాలూ అక్కడే ఎక్కువ. జీతం మళ్లీ మామూలయ్యాక దొంగతనాలు తగ్గాయి.

జీతాల పెంపు మీద 1989లో ఫోల్గర్, కొనోవ్‌స్కీ చేసిన పరిశోధన ఈ లెక్కను విడగొట్టి చూపింది. ఎంత పెరిగిందన్నది జీతంపై తృప్తిని ఎక్కువగా తేలుస్తుంది. సంస్థపై నిబద్ధత, పై అధికారిపై నమ్మకం మాత్రం ఆ పెంపును ఎలా నిర్ణయించారన్న దానితో ఎక్కువగా ముడిపడి ఉంటాయి. అడగని పని చేసిపెట్టడం, సహోద్యోగికి సాయపడటం వంటివి పై అధికారి మెలిగే తీరుతో ముడిపడి ఉన్నాయని 1991లో మూర్మన్ తేల్చాడు. బడ్జెట్ లేని మేనేజరు చేతిలోనూ ఆ ఒక్కటీ ఉంటుంది.