డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడు?

చిన్నూ, అమ్ములూ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగినదానికి నవ్వి ఊరుకున్నాను కానీ, పెట్టేశాక రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. మీ నాన్న కొత్త ప్రింటర్ తగిలిస్తే తెర మీద "డ్రైవర్ ఇన్‌స్టాల్ అవుతోంది" అని వచ్చిందట, "తాతయ్యా, ఆ డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాడు వీడు. సర్వర్లనే ఆఫీసు కంప్యూటర్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది, ఇంత సూటి ప్రశ్న నన్ను ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగలేదు.

ఎక్కడా కూర్చోడురా. పెళ్ళిలో వడ్డించేవాడిలా నిలబడే ఉంటాడు.

మా చిన్నప్పుడు పెళ్ళంటే బంతి భోజనాలే. పప్పు బకెట్ పట్టినవాడికి పప్పు సంగతే తెలుసు, ఎవరికి ఎంత వెయ్యాలో, ఎవరు వద్దంటూనే ఇంకో గరిటె వేయించుకుంటారో అన్నీ. నేతి జారీ పట్టుకున్నాయనది వేరే లెక్క. కంప్యూటర్లోనూ అంతే, తగిలించిన ఒక్కో పరికరంతో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవరు. సొలారిస్ అని నేను ఎక్కువగా పనిచేసిన సిస్టమ్ ఉండేది, దాంట్లో డిస్కులకి ఎస్‌డి అనే డ్రైవరు, టేపులకి ఎస్‌టి అనే డ్రైవరు. ఎవరి బకెట్ వారిది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఉప్పు వడ్డించే ఉద్యోగం ఇచ్చారు. పిల్లలకి ఇచ్చేది అదే కదా. ఒకసారి మా మేనమామ నన్ను వంటపందిట్లోకి పిలిచి, మూతపెట్టిన ఇత్తడి గిన్నె ఒకటి చేతికిచ్చి, "మూత తియ్యకు, మూడో వరసలో ఆరో ఆకు ఆయనకి ఇచ్చి, ఆయన ఏమంటే అది వచ్చి నాకు చెప్పు" అన్నాడు. ఆయనేమో పథ్యం మనిషి. లోపల ఏముందో నాకు తెలీదు. వంటవాడికి తెలుసు, తినేవాడికి తెలుసు. నేను వెళ్ళి ఇచ్చాను, "చారు చాలదన్నాడని చెప్పు" అన్నారు ఆయన, వచ్చి అదే చెప్పాను. ఇచ్చింది ఇచ్చినట్టు చేర్చడం, విన్నది విన్నట్టు చెప్పడం, మధ్యలో మన తెలివి కలపకపోవడం. మీ ఇద్దరికీ ఇది కాస్త నేర్పాలి, ముఖ్యంగా అమ్ములుకి.

సర్వర్లో కూడా అలాంటి కుర్రాడు ఒకడుంటాడు. వాడే జెనరిక్ డ్రైవరు, అంటే ఫలానా పరికరానికే అని లేనివాడు. సొలారిస్‌లో వాడి పేరు ఎస్‌జెన్.

వాడితో నాకు పని ఎందుకు పడిందంటే, 2003 ప్రాంతంలో హైదరాబాదులో నేను చేసే ఆఫీసుకి టేపు లైబ్రరీ వచ్చింది, కంప్యూటర్లోని సమాచారానికి నకళ్ళు (బ్యాకప్) టేపుల మీద దాచేది. బీరువా అంత పెట్టె, లోపల అరల నిండా టేపు డబ్బాలు. ఒక్కో డబ్బా అరచేతిలో ఇమిడిపోతుంది, లోపల మాత్రం 609 మీటర్ల టేపు చుట్టి ఉంటుంది. పెట్టె మధ్యలో ఒక రోబో చెయ్యి, అడిగిన డబ్బా తీసి టేపు డ్రైవ్‌లో పెడుతుంది, అయ్యాక మళ్ళీ అరలో సర్దేస్తుంది. టేపు డ్రైవ్‌ని ఎస్‌టి చూసుకున్నాడు. చెయ్యిని ఎవరు చూడాలి? అది డిస్కూ కాదు, టేపూ కాదు. దానికి ఏం చెప్పాలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అనే వంటవాడికి మాత్రమే తెలుసు. ఆ మాట మోసుకెళ్ళడానికి ఎస్‌జెన్ కావాలి.

కానీ ఆ కుర్రాడు మహా బుద్ధిమంతుడు, చెప్పందే ఎవరి జోలికీ పోడు. ఎస్‌జెన్ డాట్ కాన్ఫ్ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది, అందులో రెండు సంగతులు రాయాలి. ఎలాంటివాళ్ళకి వడ్డించాలి అన్నది ఒకటి, ఏ ఏ ఆకుల దగ్గరికి వెళ్ళి చూడాలి అన్నది రెండోది. అప్పట్లో డిస్కుల్నీ టేపుల్నీ సర్వర్‌కి కలిపే స్కజీ తీగ అంటే ఒక బంతి అనుకోండి, 0 నుంచి 15 దాకా పదహారు ఆకులు. మామూలుగా 7వ ఆకులో సర్వర్ తాలూకు కార్డే కూర్చుంటుంది, అది పెళ్ళిపెద్ద స్థానం. (పెళ్ళిపెద్ద బంతి మధ్యలో కూర్చోవడమేమిటని అడక్కండి, పోలిక ఇక్కడ కొంచెం చిరుగుతోంది, అయినా లాగుతాను.)

ఫైల్లో లైన్లన్నీ ముందు హాష్ గుర్తుతో ఉంటాయి, అంటే రాసి ఉన్నా లెక్కలోకి రావన్నమాట. "డివైస్ టైప్" లైన్ ముందు హాష్ తీసేసి అక్కడ "ఛేంజర్" (డబ్బాలు మార్చే రోబో చెయ్యి) అని ఒక్క మాట ఉంచాను. సర్వర్ ఆపి లేపాను. రోబో చెయ్యి లేదు. తీగ మార్చాను. లేదు. రాత్రి రెండయింది, క్యాంటీన్ మూసేశారు, ఒకటే టెన్షన్. ఇక విసుగెత్తి డిస్కు, టేపు, ఉన్న రకాలన్నీ ఆ లైన్లో రాసిపారేద్దామని కూర్చుంటే, మా సీనియరు ఒకాయన వెనక నిలబడి చూసి, "డిస్కు దగ్గరికి కూడా వీణ్ణి పంపితే ఒకే ఆకు మీద ఇద్దరు వడ్డించినట్టు, కొంప మునుగుతుంది" అని వేలు కిందికి చూపించారు. ఆకుల నంబర్లు రాసిన లైన్లన్నిటికీ హాష్ అలాగే ఉంది. ఎవరికి పెట్టాలో చెప్పి, ఎక్కడికి వెళ్ళాలో చెప్పకుండా కుర్రాణ్ణి పందిట్లో నిలబెట్టాను నేను, పాపం వాడు రాత్రంతా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

ఆ హాష్‌లు తీసేసి, రీకాన్ఫిగర్ అనే పేరుతో ఖాళీ ఫైల్ ఒకటి పెట్టాను. అది కనిపిస్తే సర్వర్ లేచేటప్పుడు వచ్చిన చుట్టాలని మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెడుతుంది. లేచాక చూస్తే, స్కజీ ఫోల్డర్‌లో ఛేంజర్ కింద సి1టి3డి0. ఒకటో తీగ, మూడో ఆకు. కాసేపటికి అద్దం వెనక ఆ చెయ్యి మెల్లగా కదిలి మొదటి డబ్బా తీసింది. ఆ శబ్దం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

ఆకు దగ్గర ఎవరున్నారో ఎలా తెలుస్తుందని అడుగుతారు మీరు. "ఎవరండీ మీరు?" అని అడుగుతారంతే, దాన్ని ఇంక్వైరీ అంటారు. జవాబు చిన్నది, 36 బైట్లు. అందులో మొదటి అంకె జాతి, డిస్కయితే 0, టేపయితే 1, రోబో చెయ్యయితే 8. తర్వాత ఇంటిపేరుకి ఎనిమిది అక్షరాల చోటు, పేరుకి పదహారు, ఎన్నో కూర్పో చెప్పడానికి నాలుగు. ఇంటిపేరు పొట్టిదైతే మిగతా చోటు ఖాళీ గళ్ళు.

ఇంక నన్ను అడక్కండి, వెళ్ళి చూడండి. మీ ఇంట్లో ఉబుంటు (లైనక్స్ అనే సిస్టమ్‌లో ఒక రకం) ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది కదా, దానికి పెన్ డ్రైవ్ పెట్టి, నాన్నని టెర్మినల్ తెరవమనండి. ఎల్, ఎస్, ఎస్, సి, ఎస్, ఐ కలిపి కొట్టి, ఖాళీ వదిలి హైఫన్ జి కొట్టమనండి (అది లేదంటే నాన్నే ఇన్‌స్టాల్ చేస్తాడు). ఒక్కో లైన్ చివర ఎస్‌జి అని అంకెతో కనిపిస్తే, అది మన కుర్రాడి తమ్ముడే, లైనక్స్ ఊళ్ళో ఉంటాడు. లోపలి హార్డ్ డిస్కు ఇంటిపేరు ఏ-టి-ఏ అని చూపిస్తుంది, ఏ కంపెనీదైనా సరే, అందరిదీ ఒకటే ఇంటిపేరు. పెన్ డ్రైవ్‌ది మాత్రం దాని సొంతది.

ఆ ఇంటిపేరేమిటో, ఎన్ని అక్షరాలుందో ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి. చిన్నూ చూడాలి, అమ్ములు రాయాలి. కొట్టుకోవద్దు.

మీ తాతయ్య