జవాబు కాస్త ఆగి చెప్పండి

నాలుగైదేళ్ళ పిల్లలతో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం వివరాలు 2011లో వెలువడ్డాయి. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్ బృందం గొట్టాలతో ఒక బొమ్మ తయారుచేసింది. అందులో నాలుగు విశేషాలున్నాయి. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఇంకోచోట లైటు వెలుగుతుంది, అలా. కొందరికి "ఇది ఇలా పనిచేస్తుంది" అంటూ కీచుమనేది ఒక్కటే నేర్పారు. వాళ్ళు చాలావరకు అదే చేసి, బొమ్మను త్వరగా వదిలేశారు. ఎవరూ ఏమీ నేర్పనివాళ్ళు ఎక్కువసేపు ఆడి, మిగతావీ కనిపెట్టారు. టీచరు ఒక్కటే చూపించిందంటే ఇంకేం లేదనేగా అనుకుంటారు పిల్లలు! వాళ్ళ తర్కంలో తప్పేం లేదు. తొందర మనదే.

చెన్నైలో ప్రయోగానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఫ్రిజ్‌లో నీళ్ళు స్టీలు గ్లాసులో పోస్తే కాసేపట్లోనే గ్లాసుకు బయట చెమట పడుతుంది. "అమ్మా, గ్లాసు కారుతోంది" అంటుంది పాప. "కాదమ్మా, గాలిలో ఆవిరి..." అని మొదలుపెట్టామా, కథ అక్కడితో సరి. "అవునా? ఎలా తెలుసుకుందాం?" అనండి. నీళ్ళలో బీట్‌రూట్ రసం కలిపి, బయటి బొట్లను తెల్లగుడ్డతో తుడవమనండి. గుడ్డకు ఎరుపు అంటదు. "పైనుంచి పొర్లిందేమో" అంటే మరీ మంచిది. తుడిచిన ఖాళీ గ్లాసును ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. చుక్క నీరు లేని గ్లాసుకూ చెమటే!

ఆవిరి సంగతి చెప్పాల్సింది అప్పుడు. సముద్రపు తేమ నిండిన గాలి చల్లటి స్టీలుకు తగలగానే తానూ చల్లబడి, మోస్తున్న ఆవిరిలో కొంత వదిలేస్తుంది. అదే నీరవుతుంది. వేసవి సెలవుల్లో అనంతపురం అమ్మమ్మగారింట్లో ఇదే చేస్తే గ్లాసుకు చెమట తక్కువ.

టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్ళూ మాట్లాడారు.

చెన్నైలో ఎల్‌కేజీలో చేరిన తెలుగు పాపకు ఆ మూడు సెకన్లూ చాలవేమో. మనసులో ఉన్న మాటను తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చుకోవాలి కదా! వీలైనచోట ఐదో తరగతి వరకైనా ఇంటి భాషలోనే నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. బడిలో తెలుగు వచ్చిన ఆయా ఒక్కరున్నా, అన్నం తినిపించడానికే కాకుండా, ఇలాంటి ప్రయోగాలప్పుడు పిల్లల పక్కన ఆమెనూ కూర్చోబెట్టాలని నా గట్టి కోరిక.