పిన్‌బాల్ యంత్రం కాళ్ళకు పట్టిన తుప్పు

షికాగో నగరంలో గాట్లీబ్, బాలీ, విలియమ్స్ వంటి కంపెనీలు దశాబ్దాల పాటు తయారుచేసిన పిన్‌బాల్ యంత్రాలను నేడు అమెరికాలో ఎందరో వెతికి పట్టుకుని, బాగుచేసి, మళ్ళీ ఆడిస్తున్నారు. అద్దం కింద ఏటవాలుగా ఉన్న చెక్క బల్ల మీద సుమారు 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువు గల ఉక్కు బంతి దొర్లుతూ ఉంటుంది. అది కిందికి జారిపోకుండా ఆటగాడు పెట్టెకు ఇరుపక్కల ఉన్న బొత్తాలు నొక్కి, ఫ్లిప్పర్లు అనే చిన్న రెక్కలతో దానిని పైకి కొడుతూ ఉండాలి. ఈ ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ వారి ‘హంప్టీ డంప్టీ’ యంత్రంతో ఈ ఆటలోకి వచ్చాయి. న్యూయార్క్ నగరం దీనిని జూదంగా భావించి 1942లో నిషేధించి, 1976లో గాని ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. యంత్రాలు మాత్రం బార్లలోనూ ఆటశాలల్లోనూ నాణేలు సంపాదించి పెట్టి, ఆదాయం తగ్గగానే గోదాములకూ ఇళ్ళ కింది నేలమాళిగలకూ చేరాయి. అక్కడి చెమ్మలో ఏళ్ళ తరబడి ఉండి బయటికి వచ్చిన యంత్రాన్ని చూసినప్పుడు చెక్క పెట్టె మీది బొమ్మల కంటే ముందు కళ్ళబడేది లోహపు భాగాల మీది తుప్పే.

ఆ భాగాలు తక్కువేమీ కాదు. నాలుగు కాళ్ళు, పెట్టెకు ఇరువైపులా అద్దాన్ని పట్టి ఉంచే పట్టీలు, ముందువైపు ఆటగాడి చేతులు ఆనే లాక్‌డౌన్ బార్, నాణేలు వేసే తలుపు, బంతిని విసిరే ప్లంజరు, బంతి దొర్లే తీగ వంతెనలు, లెక్కలేనన్ని మరలు. కొత్తగా ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేలా మెరుస్తాయి గనుక ఒకే లోహంతో చేసినవని అనిపిస్తుంది. కాని కాళ్ళు సాధారణంగా క్రోమియం పూత పూసిన ఉక్కు, పక్కపట్టీలు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్, ప్లంజరు బయటి తొడుగు పోత పోసిన జింకు మిశ్రమం, లోపలి బిగింపు పట్టీలు జింకు పూత పూసిన ఉక్కు. శుభ్రం చేసేటప్పుడు జరిగే నష్టంలో అధిక భాగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే జరుగుతుంది.

క్రోమియం పూత అనగానే దళసరి కవచం మనసులో మెదులుతుంది గాని, అలంకార పూతలో క్రోమియం మందం సాధారణంగా మైక్రోమీటరులో నాలుగో వంతు నుంచి సగం వరకు మాత్రమే ఉంటుంది. అంటే రెండు వేల పొరలు పేర్చినా ఒక మిల్లీమీటరు దాటదు. దాని కింద అంతకంటే ఎన్నో రెట్లు దళసరిగా, పది నుంచి ముప్ఫై మైక్రోమీటర్ల దాకా, నికెల్ పొర ఉంటుంది. కొన్నిసార్లు దానికి అడుగున రాగి పొర కూడా ఉంటుంది. మనం మెచ్చుకునే నునుపు నిజానికి నికెల్‌దే. గాలి తగిలితే మసకబారే నికెల్‌కు క్రోమియం మసకబారని పై పొరగా నిలిచి, నీలి ఛాయ గల తెల్లని మెరుపును ఇస్తుంది. వోక్లాఁ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 18వ శతాబ్దం చివరలోనే క్రోమియాన్ని కనుగొన్నా, దానిని విద్యుత్తుతో పూత పూయడం వ్యాపార స్థాయికి వచ్చింది 1920ల మధ్యలోనే.

క్రోమియం తనంతట తాను తుప్పు పట్టదు. గాలి సోకిన మరుక్షణమే దాని ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర ఏర్పడి, లోపలి లోహాన్ని ఆక్సిజన్‌కు అందకుండా చేస్తుంది. మరి కాళ్ళ మీద కనబడే ఎర్రటి చుక్కలు ఎక్కడివి? పూత పూసేటప్పుడే క్రోమియంలో అంతర్గత ఒత్తిడి ఏర్పడి కంటికి కనబడని పగుళ్ళు, రంధ్రాలు మిగులుతాయి. చెమ్మ, అందులో కరిగిన లవణాలు ఆ రంధ్రాల గుండా నికెల్‌ను చేరగానే అక్కడ ఒక సూక్ష్మ విద్యుత్ ఘటం తయారవుతుంది. ఆక్సైడ్ తొడుక్కున్న క్రోమియం ఆ ఘటంలో కరగని ధ్రువంగా (కాథోడ్) క్షేమంగా ఉండిపోతే, రంధ్రం అడుగున బయటపడిన నికెల్ మరో ధ్రువమై (ఆనోడ్) కరుగుతుంది. నికెల్‌కు చిల్లి పడి ఉక్కు దాకా తడి చేరిన తరువాత కరిగే వంతు ఇనుముకు వస్తుంది. ఆ ఇనుము నుంచి పుట్టే తుప్పు అసలు లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంధ్రం గుండా పైకి ఉబికి, ఒక్కోసారి చుట్టుపక్కల పూతను కూడా పెచ్చులుగా లేపుతుంది.

ఇక్కడ విస్తీర్ణాల లెక్క ఒకటి పనిచేస్తుంది, ఈ వ్యవహారమంతటిలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది అదే. కరిగే ధ్రువం సూదిమొన అంత, కరగని ధ్రువం చుట్టూ ఉన్న క్రోమియం అంతా అయినప్పుడు, ఆ విశాలమైన ఉపరితలం లాగే విద్యుత్ ప్రవాహం మొత్తం ఒక్క రంధ్రంలోని లోహమే చెల్లించవలసి వస్తుంది. కాబట్టి గుంట వేగంగా, లోతుగా పడుతుంది. రంధ్రాలు తక్కువ ఉన్న కొద్దీ ఒక్కొక్క రంధ్రం మీద పడే భారం పెరుగుతుందన్నమాట. ఈ సంగతి గ్రహించిన పూత ఇంజనీర్లు 1960ల నుంచి కార్ల బంపర్ల వంటి వాటికి ఉద్దేశపూర్వకంగానే చదరపు సెంటీమీటరుకు పదివేలకు మించి సూక్ష్మరంధ్రాలు ఉండే క్రోమియాన్ని వాడసాగారు. క్షయం అన్ని చోట్లకూ పంచుకుపోయి, ఏ ఒక్క చోటా ఉక్కును చేరదు. ఎండావానలకు గురయ్యే బంపరుకు ఇచ్చినంత దళసరి నికెల్ గాని, ఇటువంటి ఏర్పాటు గాని గది లోపల ఉండే ఆటయంత్రానికి అవసరమని పూత ప్రమాణాలు కోరవు.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో కూడా ఈ రసాయనం నుంచే ఊహించవచ్చు. క్రోమియం పూత ద్రావణానికి మూలల్లోకీ మడతల్లోకీ చొచ్చుకుపోయే శక్తి బాగా తక్కువ. విద్యుత్తు ఎదురుగా ఉన్న అంచుల మీద ఎక్కువగా, లోపలి వంపుల్లో తక్కువగా లోహాన్ని పేరుస్తుంది. అందుకే కోణాకారపు కాలి బయటి ముఖం మెరుస్తున్నా లోపలి మూల ఎర్రబారి ఉంటుంది. నేల తుడిచిన నీళ్ళు తగిలే కాలి అడుగు భాగం, మర బిగించినప్పుడు పూత నలిగిన రంధ్రాల చుట్టూ ఉన్న చోటు తరువాతి స్థానాల్లో ఉంటాయి. చేతి చెమటలోని ఉప్పు లాక్‌డౌన్ బార్ మీద, బొత్తాల పక్కన తన వంతు పని చేస్తుంది.

శుభ్రం చేయడానికి పూనుకునే ముందు ఏది ఏ లోహమో తేల్చుకోవాలి. అయస్కాంతం గట్టిగా అంటుకుని, ఎర్రటి చుక్కలు కనబడితే అది పూత పూసిన ఉక్కు. అయస్కాంతం అంటకుండా, పొక్కుల అడుగున తెల్లని పొడి ఉంటే అది జింకు పోత. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో అయస్కాంతానికి అంటుకునే రకాలు కూడా ఉన్నందున ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు గాని, స్టెయిన్‌లెస్ పట్టీల మీద సాధారణంగా కనబడే ఒకే దిశలోని సన్నని గీతలు గుర్తింపుకు తోడ్పడతాయి.

తుప్పు కంటే ముందు మురికిని తొలగించాలి, ఎందుకంటే జిడ్డు పొర కింద ఉన్న తుప్పును ఏ ద్రావణమూ సరిగా చేరలేదు. పిన్‌బాల్ మురికి ప్రత్యేకమైనది: సోలినాయిడ్‌లు అనే విద్యుదయస్కాంత తీగచుట్టల్లో ఉక్కు కడ్డీలు కదులుతూ అరిగి రాల్చిన నల్లటి పొడి, పాత మైనం, కందెన నూనె, బార్లలో ఏళ్ళ తరబడి పట్టిన సిగరెట్టు పొగ తాలూకు పసుపు జిగురు అందులో కలిసి ఉంటాయి. లోహభాగాలను విప్పి బయటికి తీసి, వేడినీటిలో గిన్నెలు తోమే సబ్బు కలిపి మెత్తని బ్రష్షుతో కడిగితే అందులో చాలా భాగం పోతుంది. మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాని, నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకం గాని సరిపోతుంది. రెండూ మండే ద్రవాలే గనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా వాడాలి.

తుప్పుకు వాడే ఇంటి చిట్కాలలో ప్రసిద్ధమైనది, అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి నీటిలో ముంచి రుద్దడం. ఇనుప ఆక్సైడ్ నుంచి అల్యూమినియం ఆక్సిజన్‌ను లాక్కుంటుందని దీనికి వివరణ చెబుతుంటారు. నా దృష్టిలో ఇందులో పెద్ద వాటా రాపిడిదే: గుల్లగా పేరుకున్న తుప్పును ఫాయిల్ మడతలు గీకివేస్తాయి, రుద్దేటప్పుడు ఏర్పడే బూడిదరంగు ముద్ద మెరుగుపిండిలా పనిచేస్తుంది. మోస్ కాఠిన్య కొలమానంపై అల్యూమినియం 3 కంటే తక్కువ, క్రోమియం 8.5 గనుక మంచి స్థితిలో ఉన్న పూతకు గీతలు పడవు. వివరణ ఏదైనా, చవకగా పని జరిగే పద్ధతి ఇది.

అతి సన్నని స్టీల్ వుల్ (ఉన్నిలా ఉండే ఉక్కు పీచు) కూడా క్రోమియాన్ని గీయదు, కాని పిన్‌బాల్ విషయంలో నేను దానిని వద్దంటాను. దాని నుంచి విరిగిన ఉక్కు నూగు గుంటల్లో ఇరుక్కుని తానే తుప్పు పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ యంత్రం అడుగున డజన్ల కొద్దీ విద్యుదయస్కాంతాలు ఉంటాయి. వాటికి ఆకర్షితమైన నూగు స్విచ్చుల మధ్య, సర్క్యూట్ బోర్డుల మీద పడితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఇత్తడి లేదా కంచు వుల్‌తో ఆ బెడద లేదు. స్టెయిన్‌లెస్ పట్టీలను మాత్రం దేనితో రుద్దినా గీతల దిశలోనే రుద్దాలి. అడ్డంగా ఒక్కసారి రుద్దినా ఆ మచ్చ జీవితాంతం కనబడుతుంది.

రాపిడికి లొంగని తుప్పును ఆమ్లాలు కరిగిస్తాయి. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమినప్పుడు అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను పట్టుకుని నీటిలో కలిపినట్లే, సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఇనుప అయాన్లను బంధించి కరిగిస్తాయి. ఇవి బలహీన ఆమ్లాలు కావడం వల్ల క్రోమియం ఆక్సైడ్ పొర జోలికి పెద్దగా పోవు. బాత్‌రూములు కడిగే యాసిడ్ సంగతి వేరు: హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పుతో పాటు క్రోమియాన్ని కూడా కరిగిస్తుంది, దానిలోని క్లోరైడ్ రంధ్రాల్లో మిగిలిపోయి తరువాతి తుప్పుకు విత్తనం వేస్తుంది. బలహీన ఆమ్లాలకు కూడా హద్దులున్నాయి. జింకును వెనిగర్ సైతం తినేస్తుంది గనుక ప్లంజరు తొడుగును, జింకు పూత పట్టీలను అందులో నానబెట్టడం అంటే వాటిని పాడుచేయడమే. గట్టి ఉక్కుతో చేసిన స్ప్రింగులను ఆమ్లంలో ఉంచితే చర్యలో పుట్టిన హైడ్రోజన్ లోహంలోకి ఇంకి దానిని పెళుసుగా మారుస్తుంది. పైకి శుభ్రంగా కనబడే స్ప్రింగు కొన్నాళ్ళకు ఉన్నట్టుండి విరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం విషపూరితం, మూత్రపిండాలకు హానికరం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోరాదు.

చాకలి సోడా నీటిలో విద్యుత్తు ప్రవహింపజేసి తుప్పును వదిలించే పద్ధతి మామూలు ఉక్కుకు చక్కగా పనికివస్తుంది గాని, పూత ఉన్న భాగాలకు నేను సిఫారసు చేయను. భాగం ఋణధ్రువంగా ఉన్నప్పుడు పుట్టే హైడ్రోజన్ బుడగలు అప్పటికే వదులైన పూతను ఎత్తివేస్తాయి; తీగలు పొరపాటున తారుమారైతే క్రోమియం నేరుగా ద్రావణంలోకి దిగుతుంది. రెండో ధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కను వాడితే క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకత గల క్రోమియం ద్రావణంలో చేరే ప్రమాదం ఉంది.

మరలు, చిన్న స్తంభాల వంటివాటిని ఒక్కొక్కటిగా తోమే ఓపిక ఎవరికీ ఉండదు. తుపాకీ తూటాల ఇత్తడి తొడుగులను మళ్ళీ వాడుకోవడానికి శుభ్రం చేసేవారి కోసం తయారైన అదిరే తొట్టెలు ఇక్కడ అక్కరకు వచ్చాయి: నలగ్గొట్టిన మొక్కజొన్న కండెలు లేదా అక్రోటు పెంకుల పొడిలో కాస్త మెరుగు ద్రవం వేసి, భాగాలను అందులో గంటల తరబడి అదరనిస్తే అవి మెరుస్తూ బయటికి వస్తాయి.

ఏ పద్ధతి వాడినా కడగడం, ఆరబెట్టడం అశ్రద్ధ చేయకూడదు. గుంటల్లో ఆమ్లం మిగలకుండా కొద్దిగా వంటసోడా కలిపిన నీటితో, తరువాత మంచినీటితో కడిగి, వేడి గాలితో వెంటనే ఆరబెట్టాలి. లేకపోతే కొత్తగా బయటపడిన ఇనుము గంటల్లోనే మళ్ళీ ఎర్రబారుతుంది. ఆపైన కార్నోబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం పట్టిస్తే అది రంధ్రాలను పూడ్చి తడిని ఆపుతుంది. మైనం శాశ్వతం కాదు, ఏడాదికి ఒకటి రెండు సార్లు మళ్ళీ పట్టించాలి.

ఇంత చేసినా నల్లని సూదిచుక్కలు మిగులుతాయి. అక్కడ నికెల్, క్రోమియం రెండూ లేవు. ఏ పాలిష్ సీసా మీద ఏమి రాసి ఉన్నా లేని లోహాన్ని అది పుట్టించలేదు. నేనైతే ఆ చుక్కలను అలాగే ఉంచుతాను, అవి పోవాలని ఇంకా రుద్దేవారు చుట్టూ మిగిలిన పలుచని క్రోమియాన్ని కూడా పోగొట్టుకుంటారు. పూత పెచ్చులు లేచిన భాగానికి మిగిలిన దారి పాత పూతను పూర్తిగా తీసి కొత్తది వేయించడం. కాళ్ళు కొత్తవి దొరుకుతాయి గనుక వాటికి ఆ ఖర్చు దండగ, అరుదైన పాత నాణేల తలుపులకు అయితే సమంజసం. ఆ పని చేసే కర్మాగారాలు తగ్గుతున్నాయి, ఎందుకంటే సంప్రదాయ పూత ద్రావణంలో ఉండేది ఆరు సంయోజకత క్రోమియమే. పిన్‌బాల్ అభిమానులు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం అలంకార పూతలో దాని వాడకం 2027 నుంచి దశలవారీగా ఆగిపోవాలి. బదులుగా వచ్చిన మూడు సంయోజకత క్రోమియం పూత ఎంతో సురక్షితం, కాని దానిలో కొన్ని రకాల ఛాయ పాత పూత కంటే కాస్త ముదురుగా ఉంటుంది. అందుకని తలుపు చట్రానికి అటువంటి పూత వేయించేవారు దానికి ఆనుకుని కనబడే చిన్న భాగాలను కూడా విప్పి, అదే విడతలో, అదే తొట్టెలో పూత వేయించడం మేలు.